ఇడ్లీ పాత్ర మీద పేరు

స్టేషన్ బజారులో స్టీలు సామాన్ల మీద పేర్లు చెక్కే సోమాచారి చెయ్యి ఎంత మంచిదో, ఎవరేం చెప్పినా సగమే విని మిగతా సగం తానే పూరించుకునే ఆయన అలవాటు అంత చెడ్డది.

స్టేషన్ బజారంటే రైలు దిగి మెట్లు దాటగానే ఎదురయ్యే వీధి. ఒక పక్క దుప్పట్లు, సూట్‌కేసులు అమ్మే కొట్లు. ఇంకో పక్క స్టీలు సామాన్లు, బిందెలు, గాజుల కొట్లు. పొద్దున ఎనిమిదిన్నర పాసింజరుకు చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు గుంపులుగా దిగేవారు. మధ్యాహ్నం రెండున్నర పాసింజరుకు తిరిగి ఎక్కేవారు. ఆ కాస్త సమయంలోనే కొనాలి, బేరమాడాలి, కొన్నవాటి మీద పేర్లు చెక్కించుకోవాలి. అందుకని ఆ వీధిలో నిలబడి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

సోమాచారి పాండురంగం గారి స్టీలు కొట్టు ముందు, ఫుట్‌పాత్ మీద ముక్కాలిపీట వేసుకుని కూర్చునేవాడు. పక్కన ఒక ఇనప పెట్టె. అందులో పేర్లు చెక్కే కరెంటు మిషను. కొట్టులోంచి వైరు లాగి తగిలిస్తే బర్రుమని మోగేది. ఆయన చెయ్యి కదిలిందంటే అక్షరాలు గుండ్రంగా, ఒకే ఎత్తులో వచ్చి కూర్చునేవి. ప్రతి పేరు కింద ఒక చిన్న మల్లెమొగ్గ గీసేవాడు. అది ఆయన గుర్తు. ఆ మొగ్గ చూసి పక్క జిల్లాలో కూడా "ఇది ఆచారి పని" అనేవారు.

ఎవరు గిన్నె తెచ్చినా ఆయన మూడే ప్రశ్నలు వేసేవాడు.

"ఇంటిపేరు? ఇంటాయన పేరు? ఊరు?"

"ఇది మా అమ్మాయికండీ, దాని పేరు..." అని ఒకామె మొదలుపెట్టేది.

"ఇంటాయన పేరు చెప్పమ్మా. బండి టైమవుద్ది" అనేవాడు సోమాచారి.

ఆమె చెప్పేసేది. ఆయన చెక్కేసేవాడు. గిన్నె ఎవరు కొన్నా, ఎవరు వండినా, ఎవరు తోమినా దాని మీద ఇంటి మగవాడి పేరుండడమే పద్ధతి అని ఆయన నమ్మకం. తన ఇనప పెట్టె మీద కూడా తన పేరు చెక్కుకోలేదు. ఇంటికి పెద్ద కదా అని తండ్రి పేరు చెక్కాడు. తండ్రి పోయి పదకొండేళ్లయినా ఆ పేరు అలాగే ఉంది.

"ఇరవై రెండేళ్లలో నన్ను ఒక్కరూ తప్పు పట్టలా" అని ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. నిజమే, ఎవరూ తప్పు పట్టలేదు. ఒక చంకలో పిల్ల, ఒక చేతిలో బిందె, అవతల బండి కూత. ఇక నిలబడి తప్పు పట్టేదెవరు? ఆ సంగతి సోమాచారికి ఎన్నడూ తట్టలేదు.

ఒకరోజు పదకొండు గంటలప్పుడు అంకమ్మ వచ్చింది.

అంకమ్మ స్టేషను రెండో గేటు దగ్గర, పాదచారుల వంతెన మెట్ల కింద ఇడ్లీలు అమ్మేది. తొమ్మిదేళ్లుగా అదే చోటు, అదే పొయ్యి. పొద్దుటి బండి దిగినవాళ్లు సగం మంది ఆమె ఇడ్లీ తిన్నాకే బజారులోకి అడుగు పెట్టేవారు. ఆమె భర్త ఏడుకొండలు నాలుగేళ్ల కిందటే ఇల్లు వదిలేసి పట్టాలకు అవతలి పేటలో ఉంటున్నాడు. తాగడానికి చేతిలో ఏమీ లేనప్పుడు మాత్రం భార్య ఉందని గుర్తొచ్చేది.

అప్పుడప్పుడు మున్సిపాలిటీ బండి వచ్చి ఫుట్‌పాత్ మీది సామాన్లు ఎత్తుకుపోయేది. తర్వాత గోడౌనుకు వెళ్లి తెచ్చుకోవాలి. అక్కడ ఒకటే రూలు. వస్తువు మీద ఎవరి పేరుంటే వాళ్లకే ఇస్తారు. పోయిన ఎండాకాలంలో అంకమ్మ పాత ఇడ్లీ పాత్రను అలాగే ఎత్తుకుపోయారు. దాని మీద ఉన్నది ఏడుకొండలు పేరు. సంగతి తెలిసి అతను ఆమె కంటే ముందే వెళ్లాడు. తన పేరున్న గుర్తింపు కార్డు చూపించాడు. పాత్ర తీసుకుని నేరుగా పాతసామాన్ల కొట్టులో అమ్మేశాడు. అంకమ్మ మూడు నెలలు అద్దె పాత్రతో నెట్టుకొచ్చింది. ఒక్కో ఇడ్లీ మీద మిగిలింది దాచి, ఇవాళ పాండురంగం గారి కొట్టులో కొత్త పాత్ర కొన్నది. నలభై ఎనిమిది ఇడ్లీల పాత్ర.

దాన్ని చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకొచ్చి సోమాచారి ముందు పెట్టింది.

"ఆచారిగారూ, నా పేరు చెక్కండి. బత్తుల అంకమ్మ. ఇంకేం వద్దు" అన్నది.

"బత్తుల" అన్నాడు సోమాచారి మిషను తీస్తూ. "ఇంటాయన పేరు?"

"ఉన్నాడులే ఒక ఏడుకొండలు. ఆయన పేరు మాత్రం..."

మిషను బర్రుమన్నది. ఆయనకు కావలసింది దొరికింది. మిగతా మాటలు ఆ మోతలో కలిసిపోయాయి. అంకమ్మ అరుస్తూనే ఉంది. "బేరం సంగతి షావుకారుతో మాట్లాడమ్మా" అని తల ఎత్తకుండానే అన్నాడు సోమాచారి. మొగ్గ కూడా గీసి, గుడ్డతో తుడిచి పాత్ర ఆమె వైపు తిప్పాడు.

అంకమ్మ పెద్దగా చదువుకోలేదు. కానీ ఇంటిపేరు తర్వాత ఉన్న 'ఏ' ఆమెకు బాగా తెలుసు. పాత పాత్ర మీద ఏళ్ల తరబడి ఆమె తన చేతులతో తోమిన అక్షరం అది.

"నేను చెప్పిందేంది, నువ్వు చెక్కిందేంది?" అన్నది. గారూ, మీరూ అప్పుడే పోయాయి.

"ఏమైందమ్మా?"

"ఏడుకొండలు అని చెక్కావు. అంకమ్మ అని కదా నేను చెప్పింది?"

సోమాచారి తేలిగ్గా నవ్వాడు. "దానికేముంది? కింద 'భార్య అంకమ్మ' అని కలుపుతా. అందంగా ఉంటది."

"అందం కోసం చెక్కించుకోవట్లా. పాత్ర నాది. పేరు నాదే ఉండాల."

గొడవ విని పాండురంగం గారు బయటికొచ్చారు. పెద్దమనిషి. గొంతు ఎప్పుడూ పెంచరు, మాట ఎప్పుడూ మార్చరు.

"చెక్కిన సామాను వాపసు తీసుకోను, అంకమ్మా" అన్నారు. "అయినా ఎవరి పేరుంటే ఏంటి? ఇడ్లీ ఉడకదా?"

"ఉడుకుద్ది షావుకారుగారూ. ఉడికే పాత్ర రేపు ఎవడి చంకలో పోద్దో, నా బాధ అది" అన్నది అంకమ్మ. "పేరుదేముందంటే మీ కొట్టు బోర్డు మీద కూడా ఏడుకొండలు అని రాయించండి. సామాన్లు అమ్ముడుపోవా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పాండురంగం గారు నవ్వలేదు. లోపలికి వెళ్లిపోయారు. సోమాచారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇరవై రెండేళ్లలో నన్నెవరూ ఇట్లా అడగలా" అన్నాడు.

"అడిగేలోపు బండొచ్చింది. నాకు ఎక్కాల్సిన బండి లేదు ఆచారీ. నేను ఇక్కడిదాన్నే" అన్నది అంకమ్మ.

మర్నాటి నుంచి ఆమె ఒక పని పెట్టుకుంది. తెల్లారగానే ఆ పాత్రలోనే ఇడ్లీలు వేసేది. వెయ్యక తప్పదు, పూట గడవాలి. ఇడ్లీలు అయిపోగానే పాత్ర తోముకుని, స్టీలు కొట్టు ఎదురుగా కరెంటు స్తంభం పక్కన కూర్చునేది. ఏడుకొండలు పేరున్న వైపు అందరికీ కనపడేలా పెట్టేది. పాసింజరు దిగి వచ్చిన ప్రతి ఆడమనిషితోనూ ఒకటే మాట.

"అక్కా, పేరు చెక్కించుకుంటే పక్కన నిలబడి చూసుకో. నీ పేరు కావాలంటే నీ పేరే చెప్పు. మిషను మొదలెట్టకముందే చెప్పు. నాకేమైందో చూడు."

మొదటి రోజు ఒకరిద్దరు ఆగి విన్నారు. రెండో రోజు ఒకామె తన చద్దిగిన్నె మీద తన పేరే కావాలని పట్టుబట్టింది. మూడో రోజు పంతులమ్మ ఒకావిడ వచ్చి, "మా అమ్మ పేరు చెక్కండి, ఇది ఆవిడ వంటకే" అని మిషను పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. సోమాచారికి చెమటలు పట్టాయి. మనిషి చెప్పే మాట చివరిదాకా వినడం ఆయనకు అలవాటు లేని పని.

పాండురంగం గారు అంకమ్మను పిలిపించారు. "నా కొట్టు ముందు కూర్చుని బేరాలు చెడగొడుతున్నావు. లేచి వెళ్లు" అన్నారు.

"మీ కొట్టు గురించి ఒక్క ముక్క అన్లా. మీ సామాను మంచిదనే చెప్తున్నా. పేరు చెప్పి నిలబడమంటున్నా, అంతే. తప్పా?"

"పోలీసుల్ని పిలుస్తాను."

"పిలవండి. వాళ్లకూ ఇదే చెప్తా" అన్నది అంకమ్మ. కూర్చున్న చోటు నుంచి అంగుళం జరగలేదు. ఆమెలో నాకు నచ్చేది అదే. మర్యాద దాటలేదు, పట్టు విడవలేదు.

అయిదో రోజు పొద్దున మున్సిపాలిటీ బండి రానే వచ్చింది. వంతెన మెట్ల కింద అంకమ్మ రెండో వాయి ఇడ్లీ పెట్టబోతోంది. నలుగురు మనుషులు దిగి పొయ్యి పక్కకు నెట్టారు, పాత్ర లారీలోకి ఎక్కించారు. అదే ఊపున బజారులోకి వెళ్లారు. సోమాచారి అప్పుడే ముక్కాలిపీట వేసి టీ తాగడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి పీటా లేదు, ఇనప పెట్టే లేదు, మిషనూ లేదు. వైరు ఒక్కటే కొట్టు గడప మీద వేలాడుతోంది.

ఇద్దరూ ఒకే దారిన గోడౌనుకు పరిగెత్తారు.

గోడౌను గుమస్తా పేరు మీరావలి. మంచివాడే కానీ రూలు తప్ప ఇంకేమీ ఎరగడు. సోమాచారి తన పెట్టె చూపించాడు. మీరావలి కళ్లజోడు సర్దుకుని పెట్టె మీద పేరు చదివాడు.

"కంచర్ల బ్రహ్మయ్యాచారి. నువ్వేనా?"

"కాదండీ. మా నాయన."

"అయితే ఆయన్ని రమ్మను."

"ఆయన పోయి పదకొండేళ్లయిందండీ!"

"మరి నేనేం చెయ్యను? పేరున్న మనిషికే ఇస్తాం."

"నేను కొనుక్కున్న మిషనండీ అది! నా కష్టం!" అన్నాడు సోమాచారి.

పక్కనే నిలబడ్డ అంకమ్మ ఆ మాట విన్నది. ఆయన మొహంలోకి చూసింది. ఆ చూపు చాలు, సోమాచారి తల దించుకున్నాడు.

అంతలో సంగతి తెలిసి ఏడుకొండలు వచ్చాడు. తల దువ్వుకుని, చొక్కా మార్చుకుని, చేతిలో కార్డు పట్టుకుని వచ్చాడు. ఇడ్లీ పాత్ర మీద పేరు చూపించాడు. కార్డు మీద పేరు చూపించాడు. రెండూ ఒకటే.

అంకమ్మ వెళ్లి పాత్ర మీద రెండు చేతులూ వేసింది.

"ఇది నా పాత్ర సార్. పేరు తప్పు చెక్కారు."

"నీ కార్డులో భర్త పేరు ఏడుకొండలనే ఉందిగా" అన్నాడు మీరావలి, ఆమె ఇచ్చిన కార్డు చూస్తూ. "ఒకింటి వస్తువు. ఎవరు తీసుకెళ్తే ఏంటమ్మా?"

"ఒకిల్లు ఏడుంది సార్? ఆయనిల్లు పట్టాల అవతల. పొయ్యి నాది, పిండి నాది, పొద్దున మూడింటికి లేచేది నేను. పేరు మాత్రం ఆయనదా?"

"ఏమే, చెయ్యి తియ్యి" అన్నాడు ఏడుకొండలు.

"తియ్యను."

"అందరి ముందూ పరువు తీస్తావా?"

"నీ పరువు తాకట్టులో లేదు, నా పాత్రే ఉంది ఇక్కడ. తియ్యను."

మీరావలి విసుక్కున్నాడు. "పేరు తప్పు చెక్కారంటున్నావు. ఎవరు చెక్కారు?"

"అదుగో, ఆ చెక్కిన మనిషి అక్కడే ఉన్నాడు. అడగండి" అన్నది అంకమ్మ.

అందరూ సోమాచారి వైపు తిరిగారు. ఏడుకొండలు గబగబా ఆయన పక్కకు వచ్చి చెవిలో అన్నాడు.

"బాబాయ్, ఆ మిషను నీదేనని నేను సాక్ష్యం చెప్తా. తెలిసిన కుర్రాళ్లను ఇంకో ఇద్దర్ని తెస్తా. నువ్వు నోరు మెదపకు, చాలు. పెట్టె తీసుకుని నీ దోవన నువ్వు పో."

సోమాచారి తన పెట్టె వైపు చూశాడు. అది లేకపోతే రేపటి నుంచి కూడు లేదు. పాత్ర వైపు చూశాడు. తన చేతి అక్షరాలే, తన మల్లెమొగ్గే. ఎంత అందంగా ఉన్నాయో అంత అబద్ధంగా ఉన్నాయి. ఇప్పుడు నిజం చెబితే ఇరవై రెండేళ్ల పేరు పోతుంది. పాండురంగం గారు కొట్టు ముందు కూర్చోనిస్తారో లేదో తెలియదు.

ఆ క్షణంలో ఆయనకు వేలకొద్దీ గిన్నెలు గుర్తొచ్చాయి. "దాని పేరు..." అని మొదలుపెట్టి ఆగిపోయిన గొంతులు గుర్తొచ్చాయి. వాటిలో ఒక్కటీ చివరిదాకా వినలేదు. సిగ్గు వేసింది.

"అయ్యా" అన్నాడు మీరావలితో, గోడౌను అంతా వినపడేలా. "ఈ పేరు నేనే చెక్కాను. తప్పు చెక్కాను. ఈమె నాకు 'బత్తుల అంకమ్మ' అని స్పష్టంగా చెప్పింది. ఇంకేం వద్దని కూడా చెప్పింది. నేను వినలా. కొన్నది ఈమె. ఈ మనిషి ఆరోజు కొట్టు దరిదాపుల్లో కూడా లేడు."

"బాబాయ్!" అన్నాడు ఏడుకొండలు.

"నన్ను బాబాయ్ అనకు" అన్నాడు సోమాచారి.

మీరావలి గడ్డం గోక్కున్నాడు. "చెక్కింది నువ్వేనని నాకెట్లా తెలుసు?"

"ఆ మిషను ఒక్క నిమిషం ఇప్పించండి. మీ కళ్ల ముందే చెక్కి చూపిస్తా."

మీరావలి ఆలోచించి, తన బల్ల పక్కన ఉన్న ప్లగ్గు చూపించాడు. మిషను బర్రుమన్నది. సోమాచారి పాత్ర ఒళ్లో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి తల ఎత్తి అడిగాడు.

"చెప్పమ్మా. ఏమని చెక్కను?"

"బత్తుల అంకమ్మ."

"ఇంకేమైనా?"

"ఇంకేం వద్దు."

ఆయన చెక్కాడు. అవే గుండ్రటి అక్షరాలు, అదే ఎత్తు, కింద అదే మొగ్గ. మీరావలి రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూశాడు. చెయ్యి ఒకటే అని గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఆ మొగ్గే ఇనప పెట్టె మీద బ్రహ్మయ్యాచారి పేరు కింద కూడా ఉంది. మీరావలికి రెండు వస్తువుల సంగతీ తేలిపోయింది.

"పాత్ర అంకమ్మది. పెట్టె ఆచారిది. జరిమానా కట్టి తీసుకుపోండి" అన్నాడు. ఏడుకొండలు వైపు తిరిగి, "నువ్వు కార్డు జేబులో పెట్టుకుని నడువు. పోయినసారి నీకు ఇచ్చిన పాత్ర సంగతి కూడా రేపు పెద్దసారుకు రాసి పెడతా" అన్నాడు. ఏడుకొండలు తలుపు దగ్గర కూడా ఆగలేదు.

"ఆ పాత పేరు అరగదీసి చెరిపేస్తాను" అన్నాడు సోమాచారి.

"వద్దు. దాని మీద ఒక గీత కొట్టు. కనపడనీ" అన్నది అంకమ్మ. "తప్పు జరిగిందనీ, దిద్దించుకున్నాననీ చూసినోళ్లందరికీ తెలవాల."

సోమాచారి గీత కొట్టాడు. తర్వాత తన పెట్టె ఒళ్లోకి లాక్కుని, తండ్రి పేరు పక్కన మిషను ఆనించాడు. ఆనించి ఆగిపోయాడు.

"ఏం, నీ పేరు చెక్కుకోవా?" అన్నది అంకమ్మ.

"ఈ మిషను కొనేటప్పుడు మా ఆవిడ సుందరమ్మ చేతిగాజులు కూడా పోయినయ్. ఇంటికెళ్లి అడిగి చెక్కుతా" అన్నాడు సోమాచారి.

మర్నాడు వంతెన మెట్ల కింద పొయ్యి వెలిగింది. గీత కొట్టిన పేరు, కొట్టని పేరు, రెండూ ఆవిరిలో తళతళ మెరిశాయి. పాండురంగం గారు సోమాచారిని ఏమీ అనలేదు. నాలుగు రోజులుగా కొట్టులో బేరాలు తగ్గకపోగా పెరిగాయని ఆయనకు తెలుసు. సొంత పేరు చెక్కించుకోవచ్చని తెలిశాక ఆడవాళ్లు ఒక గిన్నె కొనే చోట రెండు కొంటున్నారు. సోమాచారి ఇనప పెట్టె మీద తండ్రి పేరు పక్కన ఇప్పుడు ఇంకో రెండు పేర్లున్నాయి. సుందరమ్మ, సోమాచారి. ఆయన ప్రశ్న కూడా మారింది. "ఇంటాయన పేరు?" అని అడగడం మానేశాడు. "ఎవరి పేరు చెక్కను?" అని అడిగి, మిషను ఆపి, చివరి మాటదాకా వింటున్నాడు. బండి కూత పెట్టినా సరే.

ఎవరి కష్టంతో వచ్చిన వస్తువు మీద వాళ్ల పేరే ఉండాలి. అది పూర్తిగా విని రాయడం రాసేవాడి ధర్మం, వినకపోతే వినేదాకా చెప్పడం కష్టపడినవాళ్ల హక్కు.